వాన పాటల లిస్టు ఎట్లా కట్టుకోవాలి: మా అనంతపురం పద్ధతి

మా అనంతపురంలో వాన పాటలు వినాలంటే లిస్టు ముందే రెడీగా ఉండాల. ఎందుకంటే ఇక్కడ వాన వస్తే గంట ఉంటుంది, పోతే నెలన్నర మళ్ళీ మొహం చూపించదు. ఏడాది మొత్తం మీద పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే బరువంతా దించేసుకుని వస్తాయి కాబట్టి మనదాకా చేరేది ఎక్కువగా వట్టి గాలే. అట్లాంటి చోట చినుకు పడ్డాక ఫోన్ తీసి వాన పాటలు వెతుకుతా కూర్చుంటే, నెట్ గుండ్రంగా తిరుగుతానే ఉంటుంది, వాన వెలిసిపోతుంది. నాకు రెండేళ్ళు ఇట్లానే అయింది. మూడో ఏడు మే నెలలోనే కూర్చుని లిస్టు కట్టి పెట్టుకున్నా, అది ఎట్లా కట్టినానో చెప్తా, మీరు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక మాట. ఎక్కడ చూసినా దొరికే వాన పాటల లిస్టుల్లో తొంభై పాళ్ళు హీరో హీరోయిన్ తడిసే డ్యూయెట్లే ఉంటాయి. అవి నాకూ ఇష్టమే, లిస్టులో పెట్టుకున్నా కూడా. కానీ మన సీమలో వాన అంటే ముందు ఎదురుచూపు, ఆ తర్వాత ఇత్తనం, ఆ తర్వాతే మిగిలినవన్నీ. కాబట్టి మన లిస్టు కూడా ఆ వరసలోనే నడవాల, వాన ఏ వరసలో వస్తుందో పాటలూ ఆ వరసలోనే రావాల. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

మొదటి పని: పాటలు పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. మీ ఊర్లో వాన ఎట్లా వస్తుందో రాయండి. నేను రాసుకున్నది ఇదీ: మబ్బు పట్టి ఊరికే పోయే సాయంత్రం, గాలిదుమారం, పెద్ద పెద్ద తొలి చినుకులు, కుండపోత, నిదానంగా పడే జల్లు, నవంబర్ ముసురు, వాన వెలిసిన తర్వాత. మీది కడప అయితే తుఫాను ముసురు ఎక్కువ రాసుకోవాల్సి వస్తుంది, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆ దెబ్బ అటువైపు ఎక్కువ కదా. కర్నూలు వాళ్ళకి తుంగభద్ర పైన పడే వాన కూడా లెక్కే, ఊర్లో చినుకు లేకపోయినా ఏరు నిండుగా వస్తుంది. ఒక్కో దానికి రెండు మూడు పాటలు చాలు. అంతకంటే ఎక్కువ పెడితే వాన ఒక మెట్టు దాటిపోయి పాట మాత్రం వెనకే ఉండిపోతుంది.

ఇప్పుడు పాటలు. మబ్బు పట్టి పోయే సాయంత్రానికి నా దగ్గర ఒకే పాట ఉంది, అది లేకుండా సీమ లిస్టు లేదు అనుకుంటా. 2001లో వచ్చిన లగాన్‌లో ఎ.ఆర్. రెహమాన్ చేసిన ఘనన్ ఘనన్. ఊరోళ్ళంతా నల్ల మబ్బుల్ని చూసి ఎగిరి గంతేస్తారు, డోళ్ళు మోగుతాయి, ఆడోళ్ళు మొగోళ్ళు ముసలోళ్ళు అందరూ చేతులు పైకెత్తి ఆడతారు, తీరా ఆ మబ్బు ఒక్క చినుకు రాల్చకుండా తేలిపోతుంది. హిందీ సినిమా, తీసింది గుజరాత్‌లో కచ్ దగ్గర, అయినా జూలైలో మిద్దె ఎక్కి పడమటి దిక్కు చూసే మనోళ్ళకి ఆ మొహాలన్నీ తెలిసిన మొహాలే. బుడ్డలు, అదే వేరుశెనగ, ఇత్తి పద్దెనిమిది రోజులైన చేను పక్కన నిలబడి చూసినోళ్ళకైతే మరీ.

ఈ ఎదురుచూపు దగ్గరే ఇంకొకటి పెట్టుకోవచ్చు, కర్ణాటక సంగీతం వినే అలవాటున్నోళ్ళు. అమృతవర్షిణి రాగం. ముత్తుస్వామి దీక్షితులు తమిళనాడులో ఎట్టయపురం దగ్గర కరువు చూసి ఈ రాగంలో ఆనందామృతకర్షిణి పాడితే వాన కురిసిందని సంగీతం వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటా వస్తున్నారు. రి, ద రెండూ లేని రాగం, స గ మ ప ని అంతే, ఐదు స్వరాలే. సంగీతం తెలియకపోయినా పర్లేదు, వీణ మీద వాయించింది ఒకటి వెతికి పెట్టుకోండి, ఉక్కపోసే సాయంత్రం వింటే గాలి కొంచెం కదిలినట్టే ఉంటుంది. మన ఊర్లల్లో దీనికి సాటి విరాటపర్వం. వానలు పడకపోతే గుడి దగ్గర కూర్చుని తిక్కన భారతంలో విరాటపర్వం చదివిస్తారు కదా, ఆ పద్యాలు రాగం తీసి చదివే పెద్దాయన ఎవరైనా మీ ఊర్లో ఇంకా ఉంటే అది కూడా వాన పాటే, నా లెక్కలో.

గాలిదుమారానికి సెగ సినిమాలో (2011) వర్షం ముందుగా పాట. పేరులోనే ఉంది, వానకి ముందు మబ్బులు ఒకదానికొకటి రాసుకునే టైం అది. తలుపులు కొట్టుకుంటా, ఆరేసిన బట్టలు ఎగిరిపోతా, ఇంట్లో అందరూ తలా దిక్కు పరిగెడతా ఉంటే వెనకాల ఈ పాట సన్నగా వినపడాల.

తొలి చినుకులకి ఇంకో ఆలోచనే అక్కర్లేదు, చిటపట చినుకులు పడుతూ ఉంటే. 1964లో వచ్చిన ఆత్మబలం, ఆత్రేయ రాసినారు, కె.వి. మహదేవన్ సంగీతం, ఘంటసాల సుశీల పాడినారు, తెర మీద నాగేశ్వరరావు, బి. సరోజాదేవి. అరవై ఏళ్ళు దాటినా ఈ పాట ఎందుకు నిలబడిందో ఒకసారి రేకుల కింద కూర్చుని వినండి తెలుస్తుంది. చిటపట అనే మాట సన్నటి జల్లుకి పడదు, దూరం దూరంగా పడే లావు చినుకుకే పడుతుంది, మన దగ్గర మొదట పడేది ఆ చినుకే. మట్టి మీద పడితే ఒక్కో చినుకు చుట్టూ దుమ్ము రూపాయి బిళ్ళంత గుండ్రంగా లేస్తుంది చూడండి, ఆ టైంలో మొదలుపెట్టాల ఈ పాట.

దాని వెనకే వర్షం (2004) లోని నువ్వొస్తానంటే నేనొద్దంటానా. దేవిశ్రీప్రసాద్ సంగీతం, సిరివెన్నెల సాహిత్యం. ఆ పాట పేరునే తర్వాతి ఏడు ఒక సినిమాకి పెట్టుకున్నారు, అందరికీ తెలుసు. నాకు ఇందులో నచ్చేది ఏందంటే ఈ పాటలో అమ్మాయి మాట్లాడేది అబ్బాయితో కాదు, వానతో. చాన్నాళ్ళకి ఇంటికొచ్చిన దోస్తుని నిలదీసినట్టు, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అని వాననే అడుగుతుంది. అనంతపురంలో ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో ప్రతి ఏడూ అడిగేదే. డ్యూయెట్లు పది తీసేసినా ఈ ఒక్కటి మాత్రం తీయొద్దు.

కుండపోతకి సన్నటి పాటలు పెట్టొద్దు, వినపడవు. ఇక్కడ పెద్ద బీటు కావాల. గ్యాంగ్ లీడర్ (1991) లో బప్పీలహరి చేసిన వాన వాన వెల్లువాయె, దాన్నే మళ్ళీ 2012లో రచ్చలో మణిశర్మ కొత్తగా చేసినారు, రెండిట్లో మీకు ఏది అలవాటైతే అది. నేనైతే పాతదే. వేటగాడు (1979) లో ఎన్టీఆర్, శ్రీదేవి ఆకుచాటు పిందె తడిసె, చక్రవర్తి సంగీతం. ఈ రెండు చాలు, పిల్లోళ్ళు వాకిట్లో తడుస్తా ఎగిరేదానికి.

వాన ఉద్ధృతం తగ్గి ఒకే తీరుగా పడేటప్పుడు అసలైన వినికిడి. గీతాంజలి (1989) లో ఇళయరాజా, వేటూరి, చిత్ర, జల్లంత కవ్వింత కావాలిలే. ఒక పిల్ల ఒంటరిగా వానలో ఆడుకునే పాట, పక్కన హీరో ఉండాల్సిన పని లేదు. ఇంట్లో హిందీ, ఉర్దూ నడిచే వాళ్ళుంటే, కడప, కర్నూల్లో చాలా ఇళ్ళల్లో నడుస్తుంది కదా, మంజిల్ (1979) లో ఆర్.డి. బర్మన్ చేసిన రిమ్‌ఝిమ్ గిరే సావన్ పెట్టండి. కిశోర్ పాడింది ఒకటి, లత పాడింది ఒకటి ఉన్నాయి. లతది పెట్టుకోండి, బొంబాయి రోడ్ల మీద నిజం వానలో తీసినారు దాన్ని. ఇంక హిందూపురం, మడకశిర, రాయదుర్గం వైపోళ్ళకి కన్నడ ముంగారు మళె (2006) ఉండనే ఉంది. మనం ముంగారు, ఇంగారు అంటాం కదా తొలి వానల్ని, మలి వానల్ని, ఆ ముంగారే ఇది. దాన్ని తెలుగులో వాన అని 2008లో తీసినారు, అందులో ఆకాశ గంగా కూడా ఇక్కడ సరిపోతుంది.

స్వాతిలో ముత్యమంత గురించి వేరేగా చెప్పాల. బంగారు బుల్లోడు (1993), రాజ్-కోటి సంగీతం, బాలకృష్ణ, రవీనా టాండన్. స్వాతి కార్తె చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యం అవుతుందనే నమ్మకం మీద కట్టిన పల్లవి, వినేదానికి ఎంత బాగుంటుందో. కానీ స్వాతి కార్తె వచ్చేది అక్టోబర్ చివర్లో, నవంబర్ మొదట్లో. అప్పటికి మన చేలల్లో బుడ్డల చెట్లు పీకి కట్టె వామి వేసో, చేలోనే ఆరబెట్టో ఉంటారు. ఆ వాన పడితే కట్టె నల్లబడుతుంది, గొడ్లు ముట్టవు, కాయ మొలకెత్తుతుంది. మా నాయన ఈ పాట రేడియోలో వస్తే ఏమీ అనకుండా లేచిపోయి టార్పాలిన్ సరిగా కప్పినారో లేదో చూసొచ్చేవాడు. అందుకని ఈ పాటని నేను జూన్ లిస్టులో పెట్టుకుంటా, అక్టోబర్ లిస్టులో తీసేస్తా. మీ ఇంట్లో సేద్యం ఉంటే మీరు కూడా ఇట్లా చేయండి, ఇంట్లో పెద్దోళ్ళ మనసు అర్థమవుతుంది.

నవంబర్ ముసురుకి మంచు పల్లకి (1982) లో జానకమ్మ పాడిన మేఘమా దేహమా. రాత్రి కరెంటు పోయి గాలివాన పడతా ఉంటే అదే ఏడు వచ్చిన స్వయంవరంలో ఏసుదాసు గారి గాలివానలో వాన నీటిలో. ఈ రెండూ బరువైన పాటలు, పగలు వద్దు, పిల్లోళ్ళు పడుకున్నాక పెట్టుకోండి.

పాటలు ఏరేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి. పాటలో చినుకు, మేఘం అనే మాట ఉన్నంత మాత్రాన వాన పాట కాదు. నాలుగు స్తంభాలాట (1982) లో చినుకులా రాలి ఎంత గొప్ప పాట, కానీ అది ప్రేమ పాట, చినుకు అక్కడ పోలిక మాత్రమే. కళ్ళు మూసుకుని వినండి, ఒళ్ళు తడిసినట్టు అనిపిస్తే ఉంచండి, లేకపోతే వేరే లిస్టులో వేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని, దీనికి తొందర కూడా ఉంది. మీ ఇంట్లో అవ్వ, జేజి, పెద్దమ్మ ఎవరైనా ఉంటే వాళ్ళ వాన పాటలు రికార్డు చేయండి. సినిమా పాట యాడికీ పోదు, ఎప్పుడైనా దొరుకుతుంది. వాన రావాలని కప్పని ఊరేగిస్తా పాడే కప్పతల్లి పాట మాత్రం పాడేవాళ్ళు పోతే వాళ్ళతోనే పోతుంది. కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లో మా అవ్వని అడిగితే ముందు నాకేం రావు పో నాయనా అనింది. పాట పాడు అని అడగడం మానేసి, చిన్నప్పుడు కప్పని ఎట్లా కట్టేవాళ్ళవ్వా అని అడిగినా. అంతే, చేతులు తిప్పుతా మొదలుపెట్టింది, రోకలికి గుడ్డలో కప్పని కట్టి, యాపమండలు చుట్టి, ఇద్దరు పిల్లోళ్ళు భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఆడోళ్ళు చెంబుతో నీళ్ళు పోసి గంపలో గింజలు వేసేవాళ్ళంట, ఆ నీళ్ళు పోసే దగ్గరికి వచ్చేసరికి మాట కాస్తా పాటైపోయింది, ఆమెకి తెలియకుండానే. మూడు స్వరాలకి మించి లేదు ఆ పాట. ఒకరు అంటే మిగిలినోళ్ళు అందుకోవాల. మధ్యలో ఆపి నన్ను చూసి, నువ్వు అందుకోవేం రా అనింది. రికార్డులో నా గొంతు కూడా ఉంది, తప్పు తప్పుగా.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే అంతా పోతుంది. ఫోన్ మైకు కింది అంచులో ఉంటుంది, ఆ అంచు అవ్వ వైపు ఉండేట్టు మడిచిన టవల్ మీద పెట్టండి, నోటికి రెండు జానల దూరం. చేత్తో పట్టుకుంటే వేళ్ళ చప్పుడు పడుతుంది. ఒకసారి పాడినాక ఆపకుండా ఇంకోసారి పాడించండి, రెండోసారి ఎప్పుడూ ఇంకో రెండు చరణాలు గుర్తొస్తాయి. తెలియని మాట ఉంటే అప్పుడే అడగండి, ఆ అర్థం చెప్పడం కూడా రికార్డులో పడనీయండి. ఫైలుకి పాట పేరు, ఊరు, తేదీ పెట్టి సేవ్ చేయండి, ఇంకో ఫోన్‌లో కూడా కాపీ పెట్టండి. గ్రూపుల్లో పంపే ముందు ఆమెని ఒక మాట అడగండి.

లిస్టు అయ్యాక అన్నీ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవాల, గాలి మొదలైతే ముందు పోయేది కరెంటు, కాసేపటికి సిగ్నల్. చిన్న బ్లూటూత్ స్పీకర్ చార్జ్ పెట్టి ఉంచండి. స్పీకర్ లేకపోతే ఫోన్‌ని ఖాళీ స్టీల్ గిన్నెలో నిలబెట్టండి, సౌండ్ బాగానే పెరుగుతుంది. రేకుల ఇల్లయితే వాన మోతకి ఎంత పెంచినా పాట మునిగిపోతుంది, అప్పుడు వాల్యూమ్ పెంచే బదులు స్పీకర్‌నే మనుషుల దగ్గరికి తెచ్చి, కూర్చున్నప్పుడు చెవి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో స్టూలు మీద పెట్టండి. మట్టి మిద్దె అయితే ఈ బాధే లేదు, వాన చప్పుడు లోపలికి మెత్తగా వస్తుంది, వాల్యూమ్ తగ్గించుకుని వినొచ్చు.

పిడుగుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఉరుములు మొదలైతే ప్లగ్గులో పెట్టిన పెద్ద స్పీకర్లు, చార్జింగులో ఉన్న ఫోన్లు తీసేయండి, బ్యాటరీ మీద నడిచేవి చాలు. మిద్దె మీద తడుస్తా పాటలు వినాలని ఉంటుంది, అర్థమవుతుంది, కానీ మెరుపు కనపడినాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, దిగి ఇంట్లోకి రండి, ఆఖరి ఉరుము వినపడినాక అరగంట దాకా మళ్ళీ ఎక్కొద్దు. చెట్ల కింద నిలబడొద్దు. పూణేలో ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ చేసిన దామిని యాప్ ఉంది, చుట్టుపక్కల పిడుగులు పడతా ఉంటే హెచ్చరిస్తుంది, చేలల్లో పని చేసేవాళ్ళ ఫోన్లలో కూడా వేసివ్వండి.

ఇంకోటి, లిస్టు అసలు తెరవకూడని రోజులు కూడా ఉంటాయి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊరి మీద పడినప్పుడు, 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి కింద ఊర్లు కొట్టుకుపోయినప్పుడు, 2022 అక్టోబర్‌లో మన అనంతపురంలోనే నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు. ఆ రాత్రి మా సందు చివర ఇళ్ళల్లో మంచాల మీద మంచాలు వేసుకుని పైన కూర్చున్నారు. మన వీధి ఎత్తులో ఉంది కదా అని అట్లాంటి రోజు స్పీకర్ పెట్టొద్దు. ఫోన్ చార్జింగ్ మిగిల్చుకోండి, ఎవరికైనా పనికొస్తుంది.

ఆఖరుది, వాన వెలిసిన తర్వాతిది. నేను ఇక్కడ సినిమా పాట ఏదీ పెట్టలేదు, చాలా వెతికినా సరిపోయేది దొరకలేదు. చూరు నుంచి బొట్టు బొట్టుగా కింద పెట్టిన బిందెలో పడే నీళ్ళు, కప్పలు, పక్కింట్లో ఎవరో చేలో ఇత్తేదానికి పదును అయిందా అని ఫోన్‌లో అడగడం, ఇవన్నీ పోయిన జూన్‌లో ఒక నాలుగు నిమిషాలు రికార్డు చేసినా. దాని వెనకే అవ్వ కప్పతల్లి పాట పెట్టినా. లిస్టు అక్కడికి అయిపోతుంది. ఈ ఏడు మృగశిర దాటి ఆరుద్ర వచ్చినా ఇంకా తెరవలేదు, ఫోన్‌లో అట్లే ఉంది.